కొత్తదా, తిరగ కట్టిందా?

తిరువళ్లూరులో రైలెక్కగానే లాప్‌టాప్ తెరిచాను. తెర మీద మా ల్యాబ్ మోటారు బొమ్మ, దాని అయస్కాంత క్షేత్రం రంగురంగుల్లో. ఇనుములో వేడిగా పోయే శక్తిని నా మోడల్ ఎన్నిసార్లు లెక్కగట్టినా, మేం కొలిచినదానికన్నా తక్కువే చూపేది. ఈసారీ కుదరకపోతే థీసిస్‌లో ఆ అధ్యాయమే తీసేయమన్నారు మా సార్.

పక్క సీటు పెద్దాయన, ఒళ్లో రాగితీగ చుట్టలు పెట్టుకుని, తొంగి చూశాడు.

"మోటారే గదమ్మా? తిరుత్తణిలో నాది వైండింగ్ షాపు."

అడక్కపోయినా నా గోడంతా వెళ్లబోసుకున్నాను. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ మోటారు కొత్తదా, తిరగ కట్టిందా?"

"ఒకసారి కాలిపోతే వైండింగ్ మళ్లీ చేయించారు."

"అట్లైతే పాత తీగ లాగేదానికి నిప్పు పెట్టింటారు. మేమూ పెడతాం. మంట ఎక్కువైతే లోపల పేర్చిన ఇనప రేకుల మీది పూత కాలిపోతాది. రేకులన్నీ ఇట్లా అంటుకుంటాయి," అంటూ రెండు అరచేతులూ గట్టిగా అదిమి చూపించాడు. "కరెంటు ఒక రేకులోంచి ఇంకో రేకులోకి పారతాది. ఇంక వేడెక్కక ఏం జేస్తాది?"

నా మోడల్‌లో ఆ రేకులు ఫ్యాక్టరీ నుంచి నిన్ననే వచ్చినట్టున్నాయి! వెంటనే పూత కాలిన రేకులుగా మార్చి, మళ్లీ లెక్క నడిపించాను. తిరుత్తణి వచ్చేలోగా అంకె కొలతకు దగ్గరగా వచ్చి నిలబడింది. పట్టలేని సంతోషంతో తెర ఆయనవైపు తిప్పాను.

సంచి భుజానేసుకుంటూ, బొమ్మలో వేడికి ఎర్రబడిన రేకుల అంచుల్ని తేరిపార చూసి పకపకా నవ్వాడు.

"ఆ, ఇప్పుడు అచ్చం మేం కాల్చిన మాదిరే ఉండాది!"