తాతయ్య మాత్రకు ఒక్కటే చుక్క

మా అమ్మమ్మ ముందు నిలబెడితే అమృతం కూడా కల్తీ ఒప్పేసుకుంటుంది. దేవుణ్ణి నూరి చుక్క పెట్టమన్నా పెట్టి, లోపల ఎందరు దేవుళ్లున్నారో అరగంటలో చెప్పేస్తుంది.

ఆమె పని మందుల కంపెనీ పరీక్షగదిలో. తెల్లటి పొడి పూసిన గాజు పలక మీద పెన్సిలుతో గీత గీస్తుంది. పెన్నుతో గీస్తే సిరా కూడా పైకి పాకి కొంప ముంచుతుంది. గీత మీద మందు చుక్క, పక్కనే కల్తీ లేదని తేలిన మందు చుక్క పెట్టి, మూతసీసాలో కాస్త ద్రావకం పోసి పలకను నిలబెడుతుంది. ద్రావకం పైకెక్కుతూ చుక్కల్ని మోసుకెళ్తుంది. ఇంకో సరుకు కలిసి ఉంటే అది వెనకబడో, ముందుకు ఉరికో విడిగా బయటపడుతుంది. ఒక్కటే చుక్క, అదీ పక్కదానితో సమానంగా ఎక్కితే మందు మంచిదన్నమాట. పాలమనిషిని కూడా అమ్మమ్మ ఆ పలక మీద పెట్టేలాగే చూస్తుంది.

తాతయ్య గుండె నీరసించింది. కాళ్ల వాపు తగ్గదు, పడుకుంటే ఊపిరాడదు. కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. డాక్టరు మోతాదు పెంచినా అదే తీరు.

"మాత్రలు కల్తీవి. మంచివైతే ఈపాటికి లేచి నాతో పోట్లాడేవాడు కాదూ!" అని తేల్చేసింది అమ్మమ్మ. చాలా రోజులకు ఆమె ముఖం తేటపడింది.

పై ఆఫీసరును అడిగి, భోజనాల వేళ మాత్ర నూరింది. సంచి మోస్తూ నేనూ వెళ్లాను. చుక్కలు కంటికి కనబడేలా పలకను నీలం దీపం కింద పెట్టింది. ఒక్కటే చుక్క, పక్కదానితో సమానంగా.

"హమ్మయ్య, మంచి మందే!" అన్నాను.

"నోరు ముయ్యవే, బడి ఎగ్గొట్టినదానా. ఒక్కోసారి రెండు సరుకులు ఒకే చుక్కలో నక్కుతాయి. ద్రావకం మార్చి చూడాలి."

మార్చింది. ఒక్కటే. ఇంకోటి మార్చింది. పలకను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, ఏ మూలైనా మరక ఉందేమోనని వెతికింది. కల్తీ దొరకాలని అమ్మమ్మ మొక్కుకున్నంత పని చేయడం అదే మొదటిసారి. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. మాత్ర చెడ్డదైతే మంచిది తెచ్చుకోవచ్చు. మంచిదే అయితే తెచ్చుకోవడానికి ఇంకేమీ లేదు.

"అమ్మమ్మా, ఈసారి పెన్నుతో గీత గీద్దాం. బోలెడు చుక్కలొస్తాయి," అన్నాను, నవ్విద్దామని.

ఆమె పలకను చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కుంది.

"మందు మంచిదేనే. మనిషే అయిపోతున్నాడు. సంచి తియ్యి, పోదాం."