పొట్ట లేని చిమ్మట

నాగర్‌కర్నూల్ కాలేజీలో నేను జువాలజీ చెబుతున్నప్పుడు, నల్లమలలో కొండబండల మీంచి తాడుతో దిగి తేనె తీసే ఒకాయన ఎండిన తేనెపట్టు ముక్క తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో వేలి గోరంత బూడిదరంగు చిమ్మట చచ్చి ఉంది. మూతి ముందుకు పొడుచుకొచ్చింది. పట్టుల్లో మైనం తినే మామూలు పురుగేలే అనుకున్నాను. లెన్సు కింద రెక్కల ఈనెలు చూశాక కుర్చీ ముందుకు లాక్కున్నాను. కుటుంబం అదే. ప్రజాతి, అంటే జీనస్, మాత్రం నాకు తెలిసిన వాటిలో ఏదీ కాదు.

అది తేలాలంటే పొట్ట విడదీసి, గాజు గొట్టంలో పొటాష్ నీళ్లు పోసి వేడిచేసి, మెత్తటి కండ కరిగాక మిగిలే జననాంగాలు చూడాలి. పది నిమిషాల పని. నాకు నిదానం ఎక్కడిది? మంట పెంచాను. అంతలో ఆఫీసు గదిలోంచి పిలుపొస్తే వెళ్లాను. తిరిగొచ్చేసరికి గొట్టంలో గోధుమరంగు మడ్డి మిగిలింది. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నట్టు జీవితంలో ఎవరినీ తిట్టలేదు.

రెక్కల ఫొటోలు పంపితే, ఈ పురుగుల మీద పనిచేసే నిపుణుడు పొట్ట చూడకుండా ఏమీ చెప్పలేనన్నాడు. అదే బండ మీది పట్టులోంచి ఇంకొకటి కావాలన్నాడు.

కొన్ని నెలలకు తేనె తీసే ఆయన గూడేనికి వెళ్లాను. గుడిసె మూలన తాడు చుట్ట దుమ్ముపట్టి ఉంది.

"ఒక్క పట్టు ముక్క తెచ్చిపెట్టు, చాలు" అన్నాను.

"బండ మీదికెల్లి ఎట్ల దిగుత సారూ? తాడు పట్టేటోడు లేడు. వానకాలంల జరమొచ్చి నా బామ్మర్ది పోయిండు."

"ఇంకెవరైనా పట్టుకుంటారు కదా?"

"మాకాడ పెండ్లాం తమ్ముడే పట్టాలె. అక్క తాళి తెగొద్దని వాడు చచ్చినా తాడు ఇడ్వడు. వేరేటోళ్ల చేతుల పాణమెట్ల పెడ్త?"

నేను పట్టుకుంటానన్నాను. ఆయన నా అరచేతులు తిప్పి చూసి, మెల్లగా వదిలేశాడు. కోపంగా ఒక్క మాట అన్నా బాగుండేది. సిగ్గుతో తల వంచుకున్నాను.

"నేను దెచ్చిన పురుగు మంచిగున్నదా సారూ? వాడు తాడు పట్టంగ ఆఖరిసారి తీసిన పట్టు అది."

"మంచిగున్నది" అని అబద్ధమాడాను.

పొట్ట లేని ఆ చిమ్మట ఇప్పటికీ నా డబ్బాలోనే ఉంది. లేబుల్‌లో ప్రజాతి దగ్గర ఖాళీ. సేకరించినవారు అన్నచోట ఇద్దరి పేర్లు రాశాను. మొదటిది తాడు పట్టినతనిది.