బీటలోంచి పిలిచిన అక్క

నేల నోరు తెరిచి నన్ను పిలిచింది. నవ్వేవాళ్లు జర ఆగండి. నా తెలివివల్ల ఆ రోజు మా అక్క ఇల్లు పుట్టకముందే పోయేది.

కేసముద్రం దగ్గర అక్క పత్తిచేను మూలన ఇల్లు మొదలుపెట్టాం. వానలలోగా పునాది పడకపోతే ఆ ఏడు ఇల్లు లేనట్టే. చేనంతా ఎండకు బీటలువారి ముసలి మొసలి వీపులా పడి ఉంది.

"అన్నా, ఇది రేగడి," అన్నాడు మేస్త్రి రాజయ్య. "పత్తికి కన్నతల్లి, గోడకు సవితితల్లి. తడిస్తె ఉబ్బుతది, ఎండితె ముడుసుకుంటది. బీట ఎంత లోతుంటె అది దాటేదాక తవ్వాలె."

"మోకాలు లోతు సాలు. నేను లెక్క తీసిన," అన్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా లెక్కలు పట్టినవాడికి నేల కూడా తన మాట వినాలనిపిస్తుంది.

రుజువుకోసం ఫోన్లో లైటు వేసి, దారం కట్టి బీటలోకి దించాను. దారం ఊడింది. ఎక్కడో లోపల తెల్లటి వెలుగు మాత్రం మిగిలింది. మబ్బు కమ్మింది. గాలి ఆగింది. కూలీలు చుట్టూ మూగారు. అప్పుడు మట్టి అడుగునుంచి, సన్నగా, ఆడగొంతు:

"తమ్మీ... ఏడున్నవ్‌రా? ఒక్కదాన్నే ఉన్న. నీకోసమే చూస్తాన. జెల్ది రా..."

"ఓయమ్మో, పిలుస్తాంది!" అని లచ్చమ్మ తట్ట పారేసింది. క్షణంలో తట్టలు చేన్లో, మనుషులు రోడ్డు మీద. అందరికంటే ముందు ఎవరున్నారని అడక్కండి.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను గొయ్యి తీయకుండానే పడ్డాను. బండి మీదున్నప్పుడు పనికొస్తుందని, కాల్ వస్తే మోగకుండానే ఫోన్ తనంతట తానే ఎత్తి స్పీకర్లో మాట్లాడేలా పెట్టుకున్నది నేనే. ఆ సంగతి రోడ్డెక్కాక గుర్తొచ్చింది.

"దయ్యం కాదు మేస్త్రీ, మా అక్క! సిమెంటు దుకాణంకాడ ఉన్నది!"

"అక్కయితె దుకాణంల ఉండాలె గని, భూమిల ఎందుకుంటదన్నా?"

ఎలాగో నచ్చజెప్పి సగంమందిని వెనక్కి మళ్లించాను. అంతలో ట్రాలీ ఆటో ఆగింది. చిరిగిన బస్తా మీద కూర్చుని వచ్చిందేమో, జుట్టు నుంచి కాళ్లదాకా సిమెంటు దుమ్ముతో తెల్లగా అక్క దిగింది.

"తమ్మీ, ఒక్కదాన్నే ఉన్నంటె రావేందిరా?"

అదే గొంతు. అదే మాట. ఈసారి నా మాట వినడానికి రాజయ్య కూడా ఆగలేదు.

అక్క సంగతంతా విని, పార నా చేతిలో పెట్టింది. ఫోన్ దొరికేసరికి గుంటలో నా ఛాతీదాకా దిగబడి ఉన్నాను.

"మోకాలంటె గిదేనారా?" అని అక్క పైనుంచి తొంగిచూసింది. "తక్కిన గుంటలు గూడ గింతే తియ్యి."

వానలలోగా పునాది పడింది. గుంటలన్నీ తీసినవాడిగా, బొబ్బలెక్కిన ఈ రెండు చేతులెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట బీట లోతు నోటిలెక్కతో తేల్చను. కొలవక తప్పకపోతే మాత్రం, మేస్త్రి ఫోన్ దించుతాను.