అమ్మవారికి కిటికీ సీటు

వేపాకు వాసన తగిలితే నాకు తేని టౌనుకు పోయే బస్సే గుర్తొస్తుంది. ఏడేళ్లప్పుడు ఆటలమ్మ తగ్గి, తలకు నీళ్లు పోశాక, మళ్లీ జ్వరమొచ్చి మోకాళ్లు వాచాయి. అడుగు పడలేదు.

“అమ్మవారు ఇంకా దిగలే. గడప దాటగూడదు” అంది అవ్వ.

“పాప నడవలేకుండా ఉంటే ఎట్ల అత్తా? అమ్మవారిని కూడా ఆస్పత్రికి పిలుచుకొని పోతా” అంటూ అమ్మ నా చేతికో వేపమండ ఇచ్చి, నన్ను ఎత్తుకుంది.

బస్సులో అమ్మవారికి కిటికీ సీటు పట్టాను. అక్కడ కూర్చోబోయిన వాళ్లందరినీ వేపమండతో తరిమాను.

“వైరస్ ఎప్పుడో పోయింది. దానితో పోట్లాడిన ఒళ్లే ఇంకా ఆపకుండా కీళ్ల మీద పడింది” అన్నారు ఆస్పత్రిలో డాక్టరమ్మ.

మందులతో వాపు తగ్గి, నడిచాను. పోట్లాట ఆపడం నాకింకా రాలేదని మా ఆయన అంటాడు. రాదు. ఆ రోజు నన్నెత్తుకొని గడప దాటిన మనిషి నాకది నేర్పలేదు.