క్రాంతి పేరు పెట్టాలనుకున్న పుట్టగొడుగు

హెప్సిబా భద్రాచలంలో ఉంటూ పుట్టగొడుగుల మీద పరిశోధన చేసేది. భర్త క్రాంతికుమార్ అడవిపల్లెలో టీచరు. 2003 వానాకాలంలో ఒక ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ వెదురు పొదల్లో తిరుగుతుంటే, కుళ్లిన బొంగు మీద వంకాయ రంగు గొడుగులు అతని కంటపడ్డాయి.

"ఇగో, గిసుంటిది నీ పుస్తకాలల్ల ఉన్నదా?"

లేదు. అది ఎక్కడా లేదని తేల్చుకోవడానికి ఆమెకు చలికాలం దాకా పట్టింది. మరుసటి ఏడు వానలకు క్రాంతికి చలిజ్వరం వచ్చింది. మలేరియా మెదడుకెక్కి, వరంగల్ తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

కొత్త జాతికి మనిషి పేరు పెట్టవచ్చు. హెప్సిబా అతని పేరే పెట్టాలనుకుంది. అత్త పుల్లమ్మతో చెబితే, "కుక్కగొడుక్కు మావోని పేరా!" అని నవ్వబోయి ఏడ్చేసింది.

పేరు ఏదైనా పరిశోధన పత్రికలో అచ్చయితేనే చెల్లుతుంది. తాను రాసిన వ్యాసాన్ని ఇక్కడి చిన్న పత్రికకు పంపుతానంటే, ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న వెంకటప్పయ్య వద్దన్నాడు. "దానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేదమ్మా. అందులో వేస్తే ఉద్యోగానికి పనికిరాదు. విదేశీ పత్రికకు పంపు."

పత్రిక వ్యాసాలను పదిమంది ఎంతగా ప్రస్తావిస్తారో చెప్పే అంకె అది. ఆ అంకె పెద్దదైతే క్రాంతి పేరు కూడా నలుగురికీ తెలుస్తుందని ఆమెకూ ఆశ పుట్టింది.

మొదటి పత్రిక నెలల తరబడి ఉంచుకుని, ఇది మీ ప్రాంతం వాళ్లకే ఉపయోగమని తిప్పి పంపింది. రెండోది డీఎన్‌ఏ పరీక్ష అడిగింది. ఆ ఫలితాల కోసం చూస్తుండగానే, థాయ్‌లాండ్ వాళ్లు అదే పుట్టగొడుగును తమ కొండ పేరుతో ప్రకటించారు. వాళ్ల ఫోటోను ఆమె తన నమూనా పక్కన పెట్టి చూసుకుంది. ముందు అచ్చయిన పేరే నిలుస్తుంది.

ఇంటికొచ్చి చెప్పింది.

"మనోడు ముందుగాల జూసిండు గదనే?" అంది పుల్లమ్మ.

"చూసిండు అత్తమ్మా. వాళ్లు ముందుగాల అచ్చేసిన్రు."

"మరి ఆ చిన్నదాంట్లనే ఎయ్యకపోతివా, బిడ్డా?"

గైడును తిట్టుకోవడానికి కూడా హెప్సిబాకు మనసొప్పలేదు. తాను కూడా పెద్దదే కోరుకుంది. ఆ రాత్రి అత్తాకోడళ్లు అన్నం ముట్టలేదు.

తర్వాత, ఈ జాతి ఖమ్మం అడవుల్లోనూ ఉందని చిన్న పత్రికకు ఒక పేజీ రాసి పంపింది. సేకరించినవారు క్రాంతికుమార్ అని అందులో అచ్చయింది. దాన్ని ఎవరూ ఎక్కడా ప్రస్తావించలేదు.

ఇప్పుడు ఆమె కొత్తగూడెంలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతోంది. పుల్లమ్మ ఆమెతోనే ఉంటోంది. వానలు పడ్డాక మాత్రం హెప్సిబా అడవి వైపు పోదు.