రాక్షసుడికి శాపం పెట్టింది నేనే

ఆ ఆటలోని రాక్షసుడి గురించి ఇప్పటికి చాలామంది చాలా చెప్పారు. అతను పాలమూరు యాసలో మాట్లాడటం మా ప్రాంతానికి జరిగిన అవమానమని కొందరు, రచయిత కావాలనే మా యాసకు పట్టం కట్టాడని ఇంకొందరు వీడియోలు చేసి పెట్టారు. నా మనసులో ఏముందో దగ్గరుండి చూసినట్టే మాట్లాడుతున్నారు. ఆ రాక్షసుణ్ణి రాసింది నేను. కాబట్టి జరిగింది నేనే చెప్తాను.

ఫోన్లలో ఆడే ఆట అది. ఇప్పటికి రెండు భాగాలొచ్చాయి. ఒక నదిని కొండగుహలో బంధించి కూర్చున్న రాక్షసుడు, దాన్ని విడిపించడానికి కత్తి పట్టుకుని వచ్చే రాకుమారుడు. హైదరాబాదులో ఆ ఆట తయారుచేసే ఆఫీసులో పాత్రలకు మాటలు రాయడం నా పని. రాకుమారుడికి పుస్తకాల తెలుగు రాశాను. ఎంత రాసినా అతనిలో ప్రాణం రాలేదు. గోడకు మేకు కొట్టినట్టు నిలబడి ధర్మం గురించి మాట్లాడేవాడు. రాక్షసుడి దగ్గరికి వచ్చేసరికి నాకు మా అక్క గుర్తొచ్చింది. అమ్మానాన్నలు కాలువ పనులకు వలసపోయినప్పుడు ఇటిక్యాల దగ్గర మా ఊళ్లో నన్ను సాకింది ఆమే. నేను బురదకాళ్లతో గడప దాటితే ఆమె ఎలా అరిచేదో రాక్షసుడి చేత అలాగే అరిపించాను. గుహలో అడుగుపెట్టిన రాకుమారుడితో అతని మొదటి మాట ఇది: "ఏంరా, గీ గుహ మీ నాయిన కట్టిచ్చిండా? చెప్పులు బయట ఇడ్సి రా."

ఇందులో అవమానమూ లేదు, ఉద్యమమూ లేదు. ఎవరిచేతనైనా గట్టిగా మాట్లాడించాలంటే నాకు చేతనైన భాష అదొక్కటే. వనపర్తిలో చదువుకునే రోజుల్లోనే దాన్ని నా నోటికి మాన్పించాను. రాసే చేతికి మాత్రం మాన్పించలేకపోయాను.

ఆడేవాళ్లు రాకుమారుణ్ణి మరచిపోయి రాక్షసుణ్ణి పట్టుకున్నారు. దాంతో రెండో భాగంలో అతనికో గతం కావలసి వచ్చింది. "వీడు ఇలా ఎందుకు మాట్లాడతాడో ఒక కారణం చూపించాలి కదండీ," అన్నారు మీటింగులో ఒకాయన. రాకుమారుడు అలా ఎందుకు మాట్లాడతాడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. భోజనాల వేళకల్లా కథ చెప్పేశాను. వీడు పూర్వం గంధర్వుడు. మధురంగా, స్వచ్ఛంగా మాట్లాడేవాడు. కరువు నేల మీద జాలిపడి దేవతల నీళ్లు కిందికి వదిలాడు. ఒక ముని కోపించి, నీ నాలుక మొరటుబారిపోవుగాక అని శపించాడు. ఆ నోటితో సభలో నిలబడలేక గుహలో దాక్కున్నాడు, కసితో నదిని పట్టేశాడు. ఒక్క వాక్యం శుద్ధంగా పలికిన రోజున శాపం తీరుతుంది. అందరూ బల్ల చరిచారు. నేనూ మురిసిపోయాను. ఈ శాపాన్ని ఆఫీసువాళ్లు నాచేత బలవంతంగా రాయించారని ఒక వీడియోలో చెప్పారు. అది నిజం కాదు. నన్నెవరూ బలవంతం చేయలేదు.

మా అక్క గద్వాలలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి నడుపుతుంది. బావ పోయినప్పటి నుంచి ఆ ఇంటికి అదే ఆధారం. బజ్జీలు ఏ వీధిలోనైనా దొరుకుతాయి. అక్క బండి దగ్గర జనం ఆగేది ఆమె మాటల కోసం. ఆమె తిడుతుంటే నవ్వుకుంటూ తిని, ఇంకో ప్లేటు అడుగుతారు.

రెండో భాగం వచ్చిన కొన్నాళ్లకు ఫోన్ చేస్తే, "ఎలా ఉన్నావు?" అంది. వేరే ఎవరికో చేశాననుకుని పేరు చూసుకున్నాను. నాకు బుద్ధెరిగినప్పటి నుంచి మా అక్క నన్ను "ఎట్లున్నవ్‌రా" అని తప్ప ఇంకోలా అడగలేదు.

"ఏమైందక్కా?"

"ఏమీ కాలేదు. బాగానే ఉన్నాను."

ఆ వారమే బస్సెక్కాను. బీచుపల్లి వంతెన దాటుతుండగా అక్క కూతురు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. "కాలేజీ పోరగాండ్లు వస్తరు మామా. 'పెద్దమ్మా, నీకే ముని పెట్టిండు శాపం' అంటరు. 'ఒక్క మాట శుద్ధంగ చెప్పు, శాపం పోతది' అంటరు. మొదట్ల నవ్వింది. ఇప్పుడు ఎవరొచ్చినా 'ఏమి కావాలండీ' అంటది. గిరాకి ఎట్లుంటది చెప్పు?"

సాయంత్రం బండి దగ్గరికి వెళ్లేసరికి అక్క తల వంచుకుని మిరపకాయలు చీలుస్తోంది.

"వచ్చావా. కూర్చో," అంది.

"అక్కా, ఆ శాపం రాసింది నేనే."

"తెలుసు. వాడి మాటలు నావేనని కూడా తెలుసు. చెప్పుల మాట విన్నప్పుడు నవ్వుకున్నాను. బండికొచ్చినోళ్లందరికి చెప్పుకున్న, మా తమ్ముడు రాసిండని." పుస్తకాల తెలుగు అక్కడ జారిపోయింది. గమనించి మళ్లీ సర్దుకుంది. "తరువాత చెప్పడం మానేశాను."

తప్పైపోయిందన్నాను. మూడో భాగంలో ఆ శాపం ఉండదని, రాసేది నేనే కాబట్టి ఆ మాట ఇవ్వగలనని చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నావు? వాళ్లకు చెప్పు," అని గరిటెతో చూపించింది. నలుగురు కుర్రాళ్లు బండి వైపే వస్తున్నారు.

వాళ్లను ఆపి చెప్పాను. "బాబూ, ఆటలో ఆ రాక్షసుడికి శాపమేమీ లేదు. అది కల్పించిన అబద్ధం."

వాళ్లలో పొడుగాటివాడు నన్ను కిందికీ పైకీ చూశాడు. "రెండో భాగంల సాఫ్ సాఫ్ చూపిచ్చిండ్రు గద సారూ. ముని, కమండలం, అన్ని ఉన్నయి."

"అదంతా రాసింది నేనే."

"మీరా? మీరు రేడియోల వార్తలు చదివినట్టు మాట్లాడ్తుండ్రు. వాని మాటలు మీకెట్లొస్తయి?"

మిగతావాళ్లు నవ్వారు. నాకు పౌరుషం వచ్చింది. ముప్పై ఏళ్లుగా పలకని మాటలను నోట్లోకి తెచ్చుకుని, "గా రాక్షసుండు గట్ల గాదురా పిలగా, గాయిన గిది గిట్ల..." అంటూ మొదలుపెట్టాను. సినిమాల్లో మా వేషం కట్టేవాళ్లలా పలుకుతున్నానని నాకే తెలుస్తోంది. ఆపలేకపోయాను.

అక్క గరిటె పక్కన పెట్టింది. "ఏందిరా ఆ గగ్గగ? కోళ్లను పిలుస్తున్నవా?"

కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఆమె వాళ్ల వైపు తిరిగింది. "మీరేంది ఇకిలిస్తుండ్రు? ఇనుండ్రి. వానికి శాపం లేదు, గీపం లేదు. ముని వస్తె ఆయనకు గూడ ఉగ్గాని పెట్టి పంపేటోడు. వాండ్ల అక్క గిట్లనే మాట్లాడ్తుండె. ఇనుకుంట పెరిగిండు, వానికీ గట్లనే వచ్చింది."

"మరి నదిని ఎందుకు పట్టిండు పెద్దమ్మా?" పొడుగాటివాడి గొంతులో ఈసారి వెటకారం లేదు.

"పట్టక ఏం జేస్తడు? ఇంటి ముంగలికెల్లే పోతది నది, వాండ్ల చేన్ల చుక్క పడదు. ఎన్ని తాపలు అడిగినా ఎవడన్న ఇన్నడా? పట్టుకొని కూసున్నడు. ఇప్పుడైతె అందరొస్తుండ్రు వాని తాన్కి, కత్తులు పట్టుకొని."

"వాండ్ల అక్క ఏమైంది?"

"చెప్త, ఆగు." పిండి చేతిని కొంగుకు తుడుచుకుని కథ ఎత్తుకుంది. నేను రాసిన ఏ భాగంలోనూ లేని ఊళ్లు, పంచాయితీలు, ఒక గుడ్డి బర్రె అందులోకి వచ్చాయి. పక్క బండివాడు కూడా వచ్చి నిలబడ్డాడు. కడాయిలో బజ్జీలు నల్లబడుతున్నాయని నేను చెప్పాను.

"మాడనీయ్‌రా. నడ్మ మాట్లాడకు," అంది.