సీసాలో ఎర్ర వేరు

ఆకుకి గాయం చెయ్యకుండా మా పని మొదలవదు. పొగాకు మొక్క లేత ఆకుని పరిచి, సూదిని బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో ముంచి, నడిమి ఈనె మీద పొడుస్తాం. మెల్లగా పొడిస్తే లాభం లేదు. "జాలిపడితే వేరు రాదు" అంటారు మా మేడం. ఆ బ్యాక్టీరియా మట్టిలో ఉండేదే. గాయంలోంచి దూరి తన జన్యువుల్ని ఆకులోకి ఎక్కిస్తుంది. కొన్నాళ్ళకి పొడిచిన చోటల్లా సన్నటి వేర్లు జుట్టులా మొలుస్తాయి. ఆ బ్యాక్టీరియా చేతే మాకు కావలసిన జన్యువుల్ని కూడా మోయిస్తాం.

నా వంతుకి వచ్చినవి మూడు. బీట్‌రూట్‌కి ఎరుపునిచ్చే జన్యువులు. ఒక్కోదాన్నీ ఒక్కో బ్యాక్టీరియాకి ఎక్కించి, అన్నింటినీ ఒకే గాయంలో పెట్టాలి. అన్నీ దూరకపోతే వేరు తెల్లగానో పసుపుగానో ఉండిపోతుంది. మూడూ ఒకే వేరులోకి చేరితేనే నెత్తురులా ఎర్రబడుతుంది. విజయనగరంలోని మా కాలేజీ ల్యాబ్‌లో చాలాకాలం ఆకులు పొడిచాక, ఎర్ర వేరు ఒకే ఒక్కటి వచ్చింది. దాన్ని కోసి సీసాలో పెంచితే గుబురు జుట్టులా అల్లుకుంది. ఇక దాని నుంచి మొక్కని రప్పించాలి.

అప్పుడే తుఫాను వచ్చి కరెంటు పోయింది. జనరేటరూ మొండికేసింది. వేర్ల గది వేడెక్కిపోతుంటే మేడం, "ల్యాబ్ దాటించకూడదు గానీ, ఎవరి సీసాలు వాళ్ళు తీసుకెళ్ళి చల్లగా, చీకట్లో పెట్టండి" అన్నారు. నేను నా సీసాని తడి తువ్వాలులో చుట్టి, బస్సెక్కి, నెల్లిమర్ల అవతల ఉన్న మా ఊరు తెచ్చాను. ఇంట్లో ఉండేది మా మేనత్త ఒక్కతే. మావయ్య పోయాక ఒంటరిగా ఉంటూ నన్ను పెంచింది. సీసాని వంటగదిలో నీళ్ళ కుండ వెనక పెట్టాను.

అత్త అడ్డపొగ తాగుతుంది. అంటే చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. ఆ పొగతోనే వంగి సీసా చూసింది.

"ఇదేటే, పొగాకుకి జుట్టు మొలిసినాది? అదీ ఎర్రజుట్టు!"

"వేరత్తా అది."

"నెత్తికి రంగేసుకున్న దొరసానిలాగున్నాది. ఆరబెట్టి ముట్టిస్తే పొగెలాగుంటాదో!"

మర్నాడు పొద్దున్న పక్కింటాయన బిందె పట్టుకుని వచ్చాడు. నేను మావా అని పిలుస్తాను. కరెంటు లేక వాళ్ళ బోరు నడవడం లేదు. ఇంట్లో భార్య, తలకి గోరింటాకు పెట్టుకునే మనిషి, జ్వరంతో లేవలేకుండా ఉంది. నీళ్ళు ముంచుకోవడానికి కుండ దగ్గర వంగాడు. బిందె నేల మీద పడిన మోత వినిపించింది.

"సిల్లంగి! ఓరి నాయనో, సిల్లంగెట్టీసినాది! నా ఆడదాని జుట్టు సీసాలో ఎట్టి మూతేసినాది!"

చిల్లంగి అంటే మా వైపు చేతబడి. మనిషి వెంట్రుకలకి సూదులు గుచ్చి దాచిపెడితే, ఆ మనిషి కృశించి చనిపోతుందని నమ్మకం. పెట్టిందనుకున్న మనిషి ఇక మంత్రం పలకకుండా పళ్ళు రాలగొడతారు. అక్కడితో ఆగని ఊళ్ళున్నాయి.

కేక విని వీధిలో మగాళ్ళు వచ్చేశారు. అత్తని జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చారు. గడపకి తగిలి మోకాలు చీరుకుపోయింది. ఒకడు చేతులు విరిచి పట్టుకున్నాడు. మావ రోటి పక్కనున్న పొత్రం తీసి మూతి మీద కొట్టాడు. ముందు పళ్ళు ఊడి నేల మీద పడ్డాయి. ఆ చప్పుడు చిన్నదే.

నలుగురిలో నాకు గొంతు రాదు. క్లాసులో సెమినారు చెప్పాల్సొస్తే తప్పించుకుంటాను. ఆరోజు అరిచాను.

"మావా, అది అత్తది కాదు, నాది! జుట్టు కాదు, వేరు! నానే సేసినాను!"

పొత్రం ఆగింది. "ఏటి సేసినావు?"

జన్యువు అంటే వాళ్ళకి తెలియదు. తెలిసిన మాటల్లో చెప్పాలనుకున్నాను. "ఆకుని సూదితో పొడిసి..."

"సూదంట! ఇన్నారేటి? సూదితో పొడిసిందంట!"

ఎవరి చెయ్యో నా చెవి మీద పడింది. లోపల గుయ్యిమంది. "ఆడగుంటక్కూడా నేర్పీసినావే ముండా!" అంటూ మావ అత్త డొక్కలో తన్నాడు. నేను చెప్పిన నిజం అత్తకి ఇంకో దెబ్బ అయింది. మావ సీసా తెచ్చి ఆమె మొహం ముందు ఊపాడు.

"నువ్వెట్టింది కాదేటి? అయితే తిను! ఎట్టినోల్ల కడుపులోకెల్తే అక్కడికక్కడే సస్తారు. తిను, సూద్దాం!"

అత్త నోరు తెరిచే స్థితిలో లేదు. నేను సీసా లాక్కుని గడప మీద కొట్టాను. గాజుకి వేలు తెగింది. ఎర్ర వేరు మొత్తం ముద్దగా చేసి నోట్లో పెట్టుకుని నమిలాను. చేదు, ఘాటు. అక్కడే కక్కితే చిల్లంగి నిజమేనని అత్తని చంపేస్తారని తెలుసు. మింగాను. పెదాల నుంచి ఎర్ర రసం గడ్డం మీదికి కారుతుంటే, వాళ్ళ మొహాల్లోకి చూస్తూ నిలబడ్డాను.

మావ పొత్రం కింద పెట్టాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అప్పుడు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. అత్త నెత్తురు ఉమ్మి, నన్ను చూసింది.

"సుట్ట వాసనకే దగ్గుతావు. పొగాకు పచ్చిగా నమిలీసినావేటే?"

ఆసుపత్రిలో అడిగితే, కాలు జారి పడ్డానని చెప్పింది అత్త. మావ భార్యనీ అక్కడికే తెచ్చి సెలైను పెట్టించారు. తేరుకుంది. మేం ఇంటికొచ్చాక మావ మా గడప అవతల నిలబడి, చాలా మెత్తగా అన్నాడు.

"సూసినావా గుంటా, నువ్వు నమిలీగానే దాని జొరం దిగిపోనాది."

నేను లోపలికొచ్చి అత్త బట్టలు సర్దాను. రేపు ఎవరికి జ్వరం వచ్చినా మళ్ళీ మా గడపకే వస్తారు.

ఇప్పుడు అత్త విజయనగరంలో నా అద్దె గదిలో ఉంటుంది. ముందు పళ్ళు లేక చుట్ట నోట్లో నిలవదు, చేత్తో పట్టుకుని తాగుతుంది. నేను మళ్ళీ మొదటి నుంచి ఆకులు పొడుస్తున్నాను. సాయంత్రం వచ్చేసరికి అడుగుతుంది.

"ఈయాల పొడిసినావేటే?"

"పొడిసినానత్తా."

"ఎర్రది వచ్చినాదా?"

"ఇంకా రాలేదు."

"వస్తాదిలే. వచ్చినా ఇంటికి తేకు."